తథాగతుని జరావ్యాధులు - మహాపరినిర్వాణము

గౌతమబుద్ధుని చరిత్రమును చెప్పువారు సాధారణముగా రథమెక్కి నగరవిహారమునకు వెడలిన రాజకుమారుని యొద్దనే చాలసేపు నిలిచిపోవుదురు. ముదుసలిని, రోగిని, శవమును చూచి ఆ కుమారుడు కలతచెందిన ఘట్టము కవులకు ప్రియమైనది, శిల్పులకును ప్రియమైనది. అశ్వఘోషుడు బుద్ధచరితమున తృతీయసర్గమును ఆ వృత్తాంతమునకే వినియోగించెను. కాని నాడు కలతచెందిన ఆ కుమారుడే 51 సంవత్సరములు గడచిన పిదప తానే ముదుసలియై, తానే రోగియై, మల్లుల సాలవనమున మేను వాల్చెను. దూరమునుండి చూచినదానిని తన శరీరమున అనుభవించువేళ ఆయన ఎట్లుండెను? ఆయన బోధకు అదియే నికషోపలము.

ఈ విషయమునకు ముఖ్యమైన ఆధారము దీఘనికాయమునందలి మహాపరినిబ్బానసుత్తము. తుర్ఫాను ప్రాంతమున లభించిన సంస్కృత మహాపరినిర్వాణసూత్ర ఖండములను 1950-51 సంవత్సరములలో వాల్డ్‌ష్మిట్ పండితుడు పరిష్కరించి ప్రకటించుటచే పాలిపాఠమును సంస్కృతపాఠముతో సరిచూచుకొను అవకాశమును కలిగినది. సంయుత్త, అంగుత్తరనికాయములందును, వినయపిటకమునందును చెదరియున్న చిన్న చిన్న ప్రసంగములు తక్కిన కొఱతను తీర్చుచున్నవి.

శాక్యులలో శుద్ధోదనునకు మాయాదేవియందు లుంబినీవనమున సిద్ధార్థుడు జనించెను. ఆ స్థలమున అశోకుడు నాటిన శిలాస్తంభము 1896లో బయల్పడినది. జననకాలమును గూర్చి ఏకాభిప్రాయము లేదు. సింహళసంప్రదాయము నిర్వాణమును క్రీ.పూ. 544లో నిలుపగా, చరిత్రకారులు కొందఱు క్రీ.పూ. 483 ప్రాంతమునకును, మఱికొందఱు క్రీ.పూ. 400 ప్రాంతమునకును దానిని దింపిరి. శిశువు పుట్టిన యేడవనాడే తల్లి కాలధర్మము నొందెను. పినతల్లి మహాప్రజాపతి పెంచెను. అనగా రథముమీదినుండి చూడకమునుపే మృత్యువు ఆ గృహమునకు వచ్చి పోయినది. కావ్యకర్తలు దీనిని అంతగా పట్టించుకొనలేదు.

నాలుగు దర్శనముల కథ పాలిగ్రంథములలో ప్రాచీనములైన స్వీయకథనములందు గౌతమునికి చెప్పబడలేదు. మహాపదానసుత్తమున అది పూర్వబుద్ధుడైన విపశ్యికి చెప్పబడినది. గౌతముడు తన్ను గూర్చి తాను చెప్పుకొన్నది వేఱు తీరున నున్నది. తాను సుకుమారముగా పెరిగిన దినములలో, లోకులు ముదుసలిని చూచి రోతపడుదురనియు, తామును ముదిమికి లోబడినవారమన్న సంగతిని మఱతురనియు ఆయన గమనించెను. తనకట్టి రోత తగదని తోచినంతనే యౌవనమదము తొలగెను. అట్లే రోగిని తలచినపుడు ఆరోగ్యమదమును, మృతుని తలచినపుడు జీవితమదమును తొలగినవని అంగుత్తరనికాయము తెలుపుచున్నది. ఇందు చెప్పబడినది భయము కాదు, మదము జాఱిపోవుట. ఈ భేదమును గుర్తింపనిచో తరువాతి జీవితము సరిగా బోధపడదు.

ఇరువదితొమ్మిదవయేట ఇల్లు విడిచి, ఆలారకాలాముని యొద్దను, ఉద్రకరామపుత్రుని యొద్దను ఉన్నతములైన సమాపత్తులను అభ్యసించెను. అవి జరామరణములకు అతీతమైన స్థితిని చేర్పవని తెలిసికొని వారిని విడిచెను. పిమ్మట ఉరువేలయందు శరీరమును శోషింపజేసెను. ఎముకలు బయల్పడి, కడుపును తాకినచో వెన్నెముక చేతికి తగులునంతగా కృశించినను జ్ఞానము కలుగలేదు. బాల్యమున నేరేడుచెట్టునీడలో అప్రయత్నముగా లభించిన ధ్యానసుఖము జ్ఞప్తికి వచ్చి, ఆ సుఖమునకు భయపడనక్కఱలేదని నిశ్చయించి అన్నము తినెను. ముప్పదియైదవయేట బోధివృక్షమూలమున సంబోధి కలిగెను. శరీరమును లాలించుట, పీడించుట అను రెండుమార్గములును విడువబడినవి. వార్ధకమున రోగగ్రస్తమైన శరీరమును ఆయన ద్వేషింపకయు, దానికి దాసుడు కాకయు చూచుకొన్న తీరునకు మూలము ఇచటనే కలదు.

ఋషిపతనమున చేసిన ప్రథమోపదేశముననే జర, వ్యాధి, మరణము దుఃఖమున పరిగణింపబడినవి. వానిని ఎదుర్కొను సాధనము నిత్యాభ్యాసముగా ఏర్పరుపబడినది. స్త్రీగాని పురుషుడుగాని, గృహస్థుడుగాని ప్రవ్రజితుడుగాని, తాను ముదిమిని, రోగమును, చావును దాటలేననియు, ప్రియమైన సమస్తమును ఎడబాయవలసినదే యనియు, తన కర్మకు తానే వారసుడ ననియు ప్రతిదినము తలపోయవలెనని విధి. ఇది సన్న్యాసులకు మాత్రమే యుద్దేశింపబడినది కాదను విషయము గమనింపదగినది. మరణస్మృతిని గూర్చి భిక్షువులను ప్రశ్నించినపుడు ఒకడు పగలురేయి బ్రదుకుదునేమో యని తలతు ననియు, ఒకడు ఒక్క భోజనము ముగియునంతవఱకనియు చెప్పిరి. ఒక్క కబళము నమలునంతవఱకు, ఒక్క ఊపిరి పీల్చి విడుచునంతవఱకు అని తలచువారినే అప్రమత్తులుగా ఆయన అంగీకరించెను.

ఈ సాధనకు ప్రాణము వేదనానుపశ్యన. వేదన యనగా ఇచట తెలుగున వాడుకలోనున్న బాధ యను అర్థము కాదు. సుఖము, దుఃఖము, ఆ రెండును కానిది అను త్రివిధానుభవము. శరీరమున బాణము నాటినపుడు అజ్ఞుడు ఆ నొప్పికి తోడు శోకమను రెండవ బాణమును తానే తెచ్చుకొనుననియు, శిక్షితుడు మొదటిదానిని మాత్రమే అనుభవించుననియు సంయుత్తనికాయము వివరించుచున్నది. మొదటి బాణము తగులదని ఎచటను చెప్పబడలేదు. భర్గదేశమున నకులపిత యను వృద్ధగృహస్థుడు రోగపీడితుడై దర్శనమునకు వచ్చినపుడు, దేహము రుగ్ణమైనను చిత్తము రుగ్ణము కాకుండునట్లు అభ్యసింపుమని తథాగతుడు బోధించెను. శరీరము, మనస్సు రెండును వ్యాధులకు ఆశ్రయములని చరకుడు చెప్పిన మాట తెలిసినవారికి ఈ విభాగము క్రొత్తది కాదు. రెండవదానిని కాపాడుకొనుటకు ప్రతిదినము చేయదగిన పనిని ఇంత స్పష్టముగా నిర్దేశించుటలోనే విశేషము కలదు.

వ్యాధి పాపఫలమే యను నమ్మకమును ఆయన పూర్తిగా అంగీకరింపలేదు. శీవకుడను పరివ్రాజకుడు అడుగగా, కొన్ని వేదనలు పిత్తము వలనను, కొన్ని శ్లేష్మము వలనను, కొన్ని వాతము వలనను, సన్నిపాతము వలనను, ఋతువుల మార్పు వలనను, విషమాచరణ వలనను కలుగుననియు, కర్మవిపాకము వానిలో ఒకటి మాత్రమే యనియు సమాధానమిచ్చెను. మంచమున పడినవానికి ఈ మాట ఎంత యూరటయో చెప్పనక్కఱలేదు. రోగముతోపాటు తానేమి పాపము చేసితినో యను చింత వానిని తినివేయుచుండును గదా!

ఉపదేశముతో సరిపెట్టుకొనక తానే పరిచర్య చేసిన సందర్భము వినయపిటకమునందలి మహావగ్గమున కలదు. అతిసారముతో ఒక భిక్షువు తన మలమూత్రములలోనే పడియుండగా, తోడి భిక్షువులెవ్వరును చూడరైరి. అతడు వారికెన్నడును ఏ యుపకారమును చేయకపోవుటయే దానికి కారణమట. తథాగతుడు ఆనందునిచే నీరు తెప్పించి, తాను నీరు పోయుచుండ ఆనందుడు కడుగగా, ఒకరు తలవైపును మఱియొకరు కాళ్లవైపును పట్టి ఎత్తి మంచముపై పరుండబెట్టిరి. తల్లిదండ్రులను విడిచివచ్చిన వారికి ఒకరికొకరు తప్ప దిక్కులేదనియు, తన్ను సేవింపగోరువారు రోగిని సేవింపవలసినదనియు పిమ్మట సంఘమును మందలించెను. పరిచారకునకును రోగికిని ఉండదగిన గుణములను ఐదేసి చొప్పున అచటనే పేర్కొనెను. చరకసంహితయందు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను పాదచతుష్టయమునకు నాలుగేసి గుణములు చెప్పబడినవి. ఈ రెండింటిని పక్కపక్కన ఉంచి పరిశీలించుట ఆయుర్వేదము నెఱిగిన పరిశోధకులకు తగిన పని.

ఆయన దేహము వజ్రమయము కాదు. దేవదత్తుడు దొర్లించిన శిలనుండి ఎగిరిపడిన పెచ్చు కాలికి గాయము చేసినపుడు మద్రకుక్షివనమున తీవ్రవేదనను స్మృతిసంప్రజన్యములతో సహించెను. దోషప్రకోపము కలిగినపుడు జీవకుడు విరేచనము చేయించెను. కపిలవస్తువున శాక్యులు క్రొత్తగా కట్టిన సభాభవనమున రాత్రి చాలసేపు ఉపదేశించిన పిదప, తనకు వెన్ను నొచ్చుచున్నదని చెప్పి మిగిలిన ప్రసంగమును ఆనందునకప్పగించి పరుండెను. పావానగరమునను అట్లే శారిపుత్రునకు అప్పగించెను. రాజగృహమున వేణువనమందు వ్యాధిగ్రస్తుడైనపుడు మహాచుందునిచే సప్తబోధ్యంగములను చెప్పించుకొని వినెను. ఆ ఏడింటిని లోకమునకు చెప్పినవాడు తానే. గురువు రోగశయ్యపైనుండి శిష్యుని నోట తన బోధనే శ్రోతయై విని స్వస్థుడగుట గురుశిష్యపరంపరను ఎఱిగినవారి మనస్సును తాకక మానదు.

శ్రావస్తిలో పూర్వారామమున ఒక సాయంకాలము ఆయన పడమటి యెండలో వీపు కాచుకొనుచు కూర్చుండెను. ఆనందుడు అవయవములను ఒత్తుచు, చర్మము పూర్వపు కాంతిని కోల్పోయినదనియు, అంగములు సడలి ముడుతలు పడినవనియు, శరీరము ముందునకు వంగినదనియు, ఇంద్రియములును మాఱినవనియు ఆశ్చర్యముతో పలికెను. ఆ మాటకు తథాగతుడు నొచ్చుకొనలేదు. యౌవనమున ముదిమియు, ఆరోగ్యమున వ్యాధియు, జీవితమున మరణమును ముందే ఇమిడియున్నవని అంగీకరించెను. రథముపైనుండి ముదుసలిని చూచిన కుమారుని కథకు ఇది ఉత్తరభాగము.

ఈ ఘట్టములు తరువాతివారిలో కొందఱికి ఇబ్బంది కలిగించినవి. సర్వక్లేశములను దహించినవానికి రోగమెట్లు వచ్చునని మిళిందప్రశ్నమున రాజు నాగసేనుని అడుగుట అందువలననే. నాగసేనుడు వేదనలన్నియు కర్మజములు కావను పూర్వోక్తసమాధానమునే ఇచ్చెను. మహాసాంఘికులలో లోకోత్తరవాదులు వేఱు దారి పట్టిరి. వారి మహావస్తువు ప్రకారము బుద్ధులకు రోగము లేకున్నను ఔషధము సేవింతురు, ముదిమి లేకున్నను ముదిమిని చూపుదురు. ఇదియంతయు లోకానువర్తనము మాత్రమే. ఈ భావమునే ఆంధ్రదేశమున ధాన్యకటకప్రాంతమందు వర్ధిల్లిన పూర్వశైలీయులును ఆదరించిరి. వారి లోకానువర్తనగాథలను చంద్రకీర్తి మధ్యమకావతారమున ఉదాహరించెను. తథాగతుని తత్త్వము మాంసపిండమున ఇమిడినది కాదని చెప్పుట వారి యుద్దేశము. అది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. అయినను నొప్పి నటన యగునెడల ఆ నొప్పిని భరించిన శాంతియు నటనయే కావలసివచ్చును. అట్టిచో నకులపితవంటి రోగికి అది మార్గదర్శకము కాజాలదు. ప్రాచీనసూత్రములు చూపు వృద్ధుడు నిజముగా నొచ్చిన వృద్ధుడు. అంత్యయాత్రావృత్తాంతము ఈ విషయమున సందేహమునకు తావీయదు.

ఎనుబదియవయేట ఆయన రాజగృహమునందలి గృధ్రకూటమునుండి బయలుదేరి నాలందా, పాటలిగ్రామములమీదుగా గంగను దాటి వైశాలి చేరెను. సమవయస్కుడైన కోసలరాజు ప్రసేనజిత్తు, తామిద్దఱమును ఎనుబదియేండ్లవారమని ఆత్మీయముగా చెప్పుకొన్న చివరి సమావేశము మజ్ఝిమనికాయమున కలదు. అగ్రశ్రావకులైన శారిపుత్ర మౌద్గల్యాయనులు గురువుకంటె ముందే నిర్వాణము నొందిరి. శారిపుత్రుని భిక్షాపాత్రను చీవరమును శ్రామణేరుడు తెచ్చినపుడు ఆనందునికి దిక్కులు తోచలేదు. శారిపుత్రుడు శీలసమాధిప్రజ్ఞలను వెంట కొనిపోయెనా యని తథాగతుడు అతనిని ప్రశ్నించెను. అట్లు ప్రశ్నించిన ఆయనయే గంగాతీరమున ఉల్కాచేలయందు సంఘమును కలయజూచి, ఆ యిద్దఱును లేని సభ తనకు శూన్యముగా తోచుచున్నదని పలికెను. శోకము లేదు, లోటు తెలియుచునే యున్నది. ఉపేక్ష యనగా రాతిగుండె యని తలంచువారు ఈ ప్రసంగమును చూడవలెను.

వైశాలిలో ఆమ్రపాలి యొసగిన భోజనమును, ఆమె తోటను స్వీకరించి, భిక్షువులను చుట్టుపట్ల వర్షావాసమునకు పంపి, తాను వేణుగ్రామమున నిలిచెను. అచట మారణాంతికములైన వేదనలతో తీవ్రవ్యాధి సంక్రమించెను. పరిచారకులకు చెప్పక, సంఘమును చూడక పోవుట తగదని తలచి వీర్యబలముతో వ్యాధిని నిలువరించెను. కోలుకొని నీడపట్టున కూర్చుండగా, ఆనందుడు తాను పడిన కలవరమును చెప్పుకొని, సంఘమును గూర్చి ఏదో యొకటి చెప్పకుండ గురువు పోడని ధైర్యము తెచ్చుకొంటి ననెను. తనకు ఆచార్యముష్టి లేదనియు, లోపలిది వెలుపలిది యను భేదము లేకుండ ధర్మమును చెప్పితిననియు తథాగతుడు బదులిచ్చెను. ఆయన వాడిన ఈ పదము గురుకులములలో అందఱికిని తెలిసినదే. కడపటి రహస్యమును పిడికిట దాచుకొను గురువులు ఏ కాలముననైనను కలరు. తన దేహము కట్లు కట్టి ఎట్లో నడుపబడుచున్న పాతబండివంటిదనియు, అనిమిత్తసమాధిలో నున్నపుడు మాత్రమే దానికి సుఖమనియు దాపరికము లేకుండ చెప్పెను. పిమ్మట ఎవరికి వారే శరణముగా నుండవలసినదని ఉపదేశించెను. ఇచటి పాలిపదము దీప. అది దీపమునకును ద్వీపమునకును సమానము. సంస్కృతపాఠమున ద్వీపశబ్దమే యుండుటచే వఱదలో నిలువనీడయగు తిన్నె యను అర్థమే సమంజసము. అట్లు శరణము పొందు ఉపాయముగా ఆయన చెప్పినది నాలుగు స్మృత్యుపస్థానములు: కాయమును, వేదనను, చిత్తమును, ధర్మములను ఎఱుకతో కనిపెట్టియుండుట.

చాపాలచైత్యమున మూడునెలల గడువును ప్రకటించి, గజమువలె నిండుమేనితో వెనుదిరిగి వైశాలిని కడసారి చూచి ఆయన సాగిపోయెను. పావలో చుందుడను లోహకారుడు విందు చేసెను. అతనికి పాలిలో చెప్పబడిన కమ్మార శబ్దమును, తెలుగు కమ్మరియు ఒకదానికొకటి చుట్టములే. సూకరమద్దవ మను ఆ వంటకము మాంసమా, పుట్టగొడుగులా, వెదురుమొలకలా యని వ్యాఖ్యాతలు ప్రాచీనకాలముననే విభేదించిరి. ప్రకృతమునకు ఆ చర్చ అంతగా అవసరము లేదు. రక్తాతిసారముతో దారుణమైన నొప్పి పుట్టెను. అట్టి స్థితిలోనే కుశీనగరమునకు నడక సాగించెను. నడుమనున్న దూరము మూడు గవ్యూతులు మాత్రమే కాగా, ఆ దారిలో 25 తావుల కూర్చుండవలసివచ్చెనని అట్ఠకథ చెప్పుచున్నది. ఒకచోట చెట్టుక్రింద సంఘాటిని మడిచి పఱపించుకొని, దాహమైనది, నీరు తెమ్మని అడిగెను. 500 బండ్లు దాటిపోయిన ఏరు బురదయైనదనియు, కకుత్థానది దగ్గఱలోనే యున్నదనియు ఆనందుడు వెనుదీసెను. మఱల అడిగెను, మఱల అదే యుత్తరము. మూడవమాఱు అడిగినపుడు గాని అతడు పాత్ర తీసికొని వెళ్లలేదు. నీరు తేఱియుండుట మహిమగా వర్ణింపబడినది. మహిమకంటెను, దప్పిగొన్న ముదుసలి కసరక మూడుమాఱులు అడుగుటయే గొప్పగా కనబడును.

కకుత్థలో స్నానముచేసి మామిడితోటలో మేను వాల్చినవెంటనే ఆయనకు జ్ఞప్తికి వచ్చినది చుందుడు. తాను పెట్టిన భోజనముతో తథాగతుడు గతించెనని ఎవరైనను అతని మనస్సును నొప్పింపవచ్చును. సంబోధికి ముందు తిన్న అన్నమును, నిర్వాణమునకు ముందు తిన్న అన్నమును సమానఫలములనియు, తక్కిన దానములకంటె మిన్నయైనవనియు స్వయముగా బుద్ధుని నోట విన్నట్లు చెప్పి అతని పశ్చాత్తాపమును తీర్పవలసినదని ఆనందుని ఆజ్ఞాపించెను. కడుపున మంట రగులుచుండగా ఆ మంటకు హేతువైన వంటవాని పరువును కాపాడుట! అంత్యయాత్రయందు ఇంతకంటె ఉదాత్తమైన ఘట్టము మఱియొకటి లేదు.

హిరణ్యవతీనదిని దాటి, మల్లుల ఉపవర్తనమున జంటసాలవృక్షముల నడుమ ఉత్తరశిరస్కుడై కుడివైపునకు ఒఱగి పరుండెను. ఆనందుడు కనబడకపోవుటచే విచారింపగా, అతడు విహారములో తలుపుచట్టమును పట్టుకొని, తాను ఇంకను శిక్షార్థియై యుండగనే దయామయుడైన గురువు పోవుచున్నాడని ఏడ్చుచుండెను. అతనిని పిలిపించి, పుట్టినది నశింపకుండుట ఎట్లు సాధ్యమని ఊరడించి, చిరకాలము మనోవాక్కాయములచే ప్రేమతో చేసిన సేవను సంఘమెదుట కొనియాడెను. ఇంత చిన్నయూరిలో నిర్వాణమేల యని ఆనందుడు వగవగా, అది పూర్వము కుశావతియను మహానగరమని నచ్చజెప్పెను. సుభద్రుడను పరివ్రాజకుడు దర్శనము కోరి ఆనందునిచే మూడుమాఱులు నిరాకరింపబడెను. ఆ మాటలు శయ్యమీదినుండి విని, అతనిని రానిచ్చి ఉపదేశించెను. అతడే ఆయన సమక్షమున కడపటి శిష్యుడు. సందేహములున్న అడుగవలసినదనియు, గురువుపై గౌరవముచే జంకినచో మిత్రుని మిత్రుడడిగినట్లు అడుగవలసినదనియు భిక్షువులను కోరెను. ఎవ్వరును పలుకలేదు. సంస్కారములు క్షయశీలములని తెలిపి అప్రమాదమును విధించి ఊరకుండెను.

అంత ప్రథమధ్యానమునుండి క్రమముగా ఆరోహించి సంజ్ఞావేదితనిరోధమును చేరెను. నిర్వాణము కలిగెనా యని ఆనందుడు అడుగగా, ఇంకను లేదని అనిరుద్ధుడు తెలిపెను. ఆయన మఱల ప్రథమధ్యానమునకు దిగివచ్చి, తిరిగి చతుర్థధ్యానమునకెక్కి, దానినుండి లేచినవెంటనే పరినిర్వాణము నొందెను. దేహత్యాగము వేదన లేని నిరోధమునుండి జరుగలేదు. ఉపేక్షాస్మృతులు పరిశుద్ధములై యుండు చతుర్థధ్యానమునకు అనంతరముగా జరిగినది. ఆజీవనము బోధించిన ఎఱుకను చివరిక్షణమునను విడువలేదనుటకు సూత్రకారుడు ఈ క్రమమునంతటిని వివరముగా చెప్పియుండును.

మల్లులు దహనముచేసిన పిమ్మట ధాతువులు ద్రోణుడను బ్రాహ్మణునిచే ఎనిమిదిభాగములుగా పంచబడినవి. కృష్ణాతీరమున భట్టిప్రోలులో 1892లో రీ దొర జరిపిన త్రవ్వకములందు లభించిన పేటికలపై బుద్ధశరీరధాతువుల ప్రసక్తిగల ప్రాచీనశాసనములు కలవు.

ఆనందుడు రాజగృహమున ప్రథమసంగీతికి ముందు రాత్రియంతయు కాయస్మృతియందు గడపి, వేకువజామున పరుండబోవుచు, పాదములు నేలనుండి లేచి తల దిండును తాకకమునుపే అర్హత్త్వమును పొందెను. మఱునాడు సభలో సూత్రములను ధారణనుండి అప్పగించినవాడు అతడే. నీటికొఱకు గురువు మూడుమాఱులు అడుగవలసివచ్చుటను, తలుపు పట్టుకొని తానేడ్చుటను అతడు దాచలేదు.